3.5 లక్షల్లో సెకండ్ హ్యాండ్ కారు కావాలి, విశాఖలో కూర్మన్నపాలెం నుంచి మధురవాడ, మైలేజీ ముఖ్యం

కూర్మన్నపాలెం_కుర్రోడు:
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ బైకు మీదే లాగించాను. ఇప్పుడు పాపకి ఎనిమిది నెలలు. మొన్న వానలో గాజువాక దగ్గర ముగ్గురం తడిసి ముద్దయ్యాక మా ఆవిడ ఒకటే మాట అంది, ఇంక కారు కొంటేనే బయటికి వస్తానని. ఆఫీసు మధురవాడలో, వారానికి మూడు రోజులు వెళ్లాలి, పోనూ రానూ అరవై ఐదు కిలోమీటర్ల దాకా అవుతుంది. ఆదివారాలు, ఊరు వెళ్లడాలు కలుపుకుంటే నెలకి 900 కిలోమీటర్లు అనుకోండి. బడ్జెట్ మూడున్నర లక్షలు. ఆర్సీ మార్పిడి, మొదటి సర్వీసు అన్నీ అందులోనే. ఇప్పటికి చూసినవి: 2014 స్విఫ్ట్ డీజిల్, మీటరు మీద 1.1 లక్షల కిలోమీటర్లు, 3.4 అంటున్నాడు. 2016 వ్యాగనార్, సాగర్‌నగర్‌లో ఉంది, 3.2. ఇంకొకటి ఢిల్లీ నంబరు ఐ20 డీజిల్, 2014 మోడల్, రెండు లక్షల అరవై వేలే, చూడ్డానికి పెళ్లికూతురిలా ఉంది. మా మావయ్య డీజిలే కొనమంటున్నారు, ఆయన మాట కాదంటే ఇంట్లో పంచాయితీ. ఏం చెయ్యమంటారు?

భీమిలి గాలి:
మైలేజీ ముఖ్యమైతే ఆర్టీసీ బస్సెక్కు బ్రదర్, నీ జేబులోంచి చుక్క డీజిల్ కూడా పొయ్యక్కర్లేదు.

రిటైర్డ్ ఫర్నేస్:
పైన ఆయన మాట పట్టించుకోకు బాబూ, ప్రతి చోటా అదే అంటాడు. ముందు లెక్క చూద్దాం, మీ మావయ్యగారికి కూడా చూపించు. పెట్రోలు బండి మన రోడ్ల మీద ఏసీ వేసుకుని లీటరుకి 16 కిలోమీటర్లు ఇచ్చిందనుకో, నెలకి 56 లీటర్లు, లీటరు 108 చొప్పున ఆరు వేల చిల్లర. డీజిల్ 20 ఇచ్చిందనుకో, 45 లీటర్లు, 96 చొప్పున 4,300. తేడా నెలకి 1,700, ఏడాదికి ఇరవై వేలు. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ లక్ష దాటిన డీజిల్లో ఇంజెక్టర్లు, టర్బో, క్లచ్ ఈ మూడింట్లో ఏ రెండు ఒకేసారి చేయించినా రెండేళ్ల ఆదా ఒక్క బిల్లులో పోతుంది. నెలకి 1,500 కిలోమీటర్లు తిరిగేవాడికైతే నేనే డీజిల్ అంటాను. నీకు పెట్రోలు చాలు. స్టీల్ ప్లాంటులో ముప్పై ఏళ్లు చేశాను, లెక్క లేకుండా ఏదీ కొనను, మా ఇంట్లోవాళ్లకి అదే బాధ.

కూర్మన్నపాలెం_కుర్రోడు:
థాంక్స్ సార్. కానీ కంపెనీ చెప్పే మైలేజీ చూస్తే పెట్రోలు బండ్లు కూడా 20, 23 అని ఉన్నాయి కదా, మీరు 16 అంటున్నారేమిటి? అంత తేడానా?

ఎంవీపీ సెక్టార్ 7:
అది ఏఆర్ఏఐ అనే బండ్ల పరీక్షల సంస్థ ఇచ్చే అంకె అండీ. ల్యాబులో బండిని రోలర్ల మీద పెట్టి, ఏసీ లేకుండా కొలుస్తారు. గురుద్వారా సిగ్నల్ దగ్గర మే నెల మధ్యాహ్నం మూడింటికి కొలవరు. నాది సెలెరియో ఆటోమేటిక్, 2015ది, కాగితం మీద 23.1. నాకు సిటీలో 15, హైవే మీద 19 దాకా వస్తుంది. అయినా సంతోషమే. బండ్లు పోల్చుకోవడానికి ఆ అంకె పనికొస్తుంది, దాని మీద నెల ఖర్చు లెక్క వెయ్యకండి. అసలు లెక్క కావాలంటే ట్యాంకు నిండా కొట్టించి ట్రిప్ మీటరు సున్నా చేసి, మూడు నాలుగొందల కిలోమీటర్లు తిరిగి, మళ్లీ అదే బంకులో అదే పంపు దగ్గర నిండా కొట్టించి భాగించండి. కారులోని స్క్రీను చెప్పేది ఎప్పుడూ కొంచెం తియ్యగా ఉంటుంది.

ఆటోనగర్ స్పానర్:
అందరూ మైలేజీ మైలేజీ అంటున్నారు, బండి కింద ఏటుందో ఒక్కరూ అడగలేదు. నేను గాజువాక ఆటోనగర్లో పద్దెనిమిదేళ్ల నుంచి పని చేస్తున్నాను కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక ఉంటే చదవండి.

మన ఊళ్లో కారుకి పెద్ద శత్రువు కిలోమీటర్లు కాదు, ఉప్పుగాలి. హైదరాబాద్‌లో పదేళ్లు తిరిగిన బండి కింద పడుకుని చూస్తే దుమ్ము ఉంటుంది, బీచ్ రోడ్డు పక్కన నాలుగేళ్లు బయట పెట్టిన బండి కింద చూస్తే తుప్పు ఉంటుంది. కిర్లంపూడి, పెదజాలారిపేట, సాగర్‌నగర్, రుషికొండ ఇలాంటి చోట్ల షెడ్డు లేకుండా పెట్టిన బండికి పైన పాలిష్ కొట్టేసి మెరిపిస్తారు. నువ్వు జాకీ పెట్టే చోట్లు చూడు, డోర్ల అడుగు అంచు వేలితో తడిమి చూడు, బ్యాటరీ ట్రే కింద చూడు, రేడియేటర్‌ని పట్టుకుని ఉండే రేకు చూడు, సస్పెన్షన్ ఆర్మ్స్, బ్రేకు గొట్టాలు, సైలెన్సర్ జాయింట్లు చూడు. పైపైన ఎర్రగా ఉంటే భయం లేదు, స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే పొరలు పొరలుగా రాలితే మాత్రం ఆ బండికి దండం పెట్టి వచ్చెయ్. ఇంకొక మాట, కింద అంతా కొత్తగా నల్ల రంగు కొట్టి ఉంటే సంతోషపడకు. కొన్న రోజున కొట్టించుకున్న కోటింగ్ వేరు, అమ్మే ముందు వారం కొట్టించింది వేరు. వాసన చూస్తేనే తెలిసిపోద్ది.

ఆ తర్వాత ఇంజను. పొద్దున్నే వెళ్లు, స్టార్ట్ చేసి ఉంచొద్దని ముందే ఫోన్లో చెప్పు. నువ్వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉందంటే ఏదో దాస్తున్నాడని. చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి వెనక పొగ చూడు, నీలంగా వస్తే ఆయిల్ తాగుతోంది. ఆయిల్ మూత తీసి చూడు, కింద తెల్లటి మీగడలా ఉంటే నీళ్లు కలుస్తున్నాయేమో అని అనుమానించాలి. నడుస్తుండగా మూత తీస్తే పొగ బుస కొట్టకూడదు. బండిని సింహాచలం కొండ ఎక్కించు, నలుగురు కూర్చుని ఏసీ వేసి. రెండో గేరులో ఎక్కుతుంటే ఇంజను అరుపు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ అయిపోయింది. దిగేటప్పుడు బ్రేకు తొక్కితే స్టీరింగ్ వణకకూడదు.

టైర్లకి పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2316 అంటే 2016లో ఇరవై మూడో వారం. నాలుగు టైర్లవీ, డిక్కీలో స్టెప్నీదీ చూడు. బండి 40 వేలే తిరిగిందంటాడు, మూడో సెట్ టైర్లు ఉంటాయి. అక్కడే అడుగు.

2014 బండి అన్నావు కదా, అది ఆ ఏడాది అక్టోబర్ 12కి ముందు ఈ ఊళ్లోనే ఉంటే పైకప్పు కూడా చూడు. హుద్‌హుద్ రోజున చెట్లు పడి ఎన్ని కార్ల టాపులు నలిగాయో మాకు తెలుసు, రెండు నెలలు టింకరింగు తప్ప వేరే పని లేదు.

భీమిలి గాలి:
స్పానర్ అన్న రాస్తే ఇంక ఎవరూ నోరెత్తలేరు. నిజంగా ఉపయోగపడే పోస్టు, ఈసారికి జోకు వెయ్యను.

పేపర్ పులి:
ఢిల్లీ ఐ20 సంగతి ఎవరూ ఎత్తలేదు, నేను చెప్తాను. అది ఎందుకు అంత చవకో ఆలోచించారా? ఢిల్లీ చుట్టుపక్కల పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లను తిరగనివ్వకూడదని 2015లో ఎన్జీటీ, అంటే జాతీయ హరిత ట్రిబ్యునల్, ఆదేశం ఇచ్చింది, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే అంది. ఆ తర్వాత ఎన్ని మెలికలు తిరిగినా అక్కడి జనం డీజిల్ బండిని పదేళ్ల లోపే బయటికి తోసేస్తున్నారు. బండి చెడ్డదని కాదు, చాలావరకు బాగానే ఉంటాయి. నేవీవాళ్లు బదిలీ మీద తెచ్చుకున్నవైతే సర్వీసు పుస్తకం కూడా పక్కాగా ఉంటుంది. కానీ అక్కడి ఆర్టీవో నుంచి ఎన్వోసీ (అభ్యంతరం లేదనే కాగితం) తెచ్చారా లేదా, బ్యాంకు అప్పు ఉంటే అప్పు తీరిందని చెప్పే ఫారం 35 మీద బ్యాంకు సంతకం ఉందా లేదా ముందు చూడండి. ఏపీకి మార్చాలంటే ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. అక్కడ కట్టింది వెనక్కి రావాలంటే అక్కడికే దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ తిరుగుడు, ఆ ఖర్చు అన్నీ కలిపితే ఆ అరవై వేల తేడా ఎక్కడికి పోయిందో తెలియదు. "అన్నీ నేను చూసుకుంటాను సార్, మీరు తిరిగేసుకోండి" అనే బ్రోకరు మాట మాత్రం వినొద్దు.

ఇక్కడి బండికైతే పేరు మార్చడానికి ఫారం 29, 30, పీయూసీ (పొల్యూషన్ సర్టిఫికెట్), ఇన్సూరెన్స్ కావాలి. అమ్మినవాళ్లు పద్నాలుగు రోజుల్లో ఆర్టీవోకి తెలపాలి, కొన్న మీరు ముప్పై రోజుల్లో బదిలీకి పెట్టాలి. ఇన్సూరెన్స్ మాత్రం పద్నాలుగు రోజుల్లోనే మీ పేరుకి మార్చుకోండి. లేకపోతే అవతలివాడికి తగిలితే థర్డ్ పార్టీ పలుకుతుంది గానీ మీ బండికి దెబ్బ తగిలితే పైసా రాదు. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చెయ్యనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) బండితో రాదు, పాత ఓనరుతోనే వెళ్తుంది. 50 శాతం బోనస్ ఉందని అమ్మేవాడు గొప్పగా చెప్తే నవ్వి ఊరుకోండి. చలాన్లు పెండింగ్ ఉన్నాయేమో నంబరు కొట్టి చూడండి. పాత ఫాస్టాగ్ ఆయన చేతే మూయించండి.

అమ్మేవాళ్లకి కూడా ఒక మాట. ఆర్సీ మారేదాకా ఆర్టీవో పుస్తకంలో పేరున్నవాడే బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. మా చుట్టం ఒకాయన బండి అమ్మేసి ఏడాదిన్నర తర్వాత యాక్సిడెంట్ కేసులో కోర్టు చుట్టూ తిరిగాడు. కొన్నవాడు పేరు మార్చుకోలేదు, అంతే.

కూర్మన్నపాలెం_కుర్రోడు:
ఢిల్లీ బండి వదిలేశాను సార్. బ్రోకరుకి ఎన్వోసీ ఏదని అడిగితే "వస్తాది, దారిలో ఉంది" అన్నాడు. నెల నుంచీ దారిలోనే ఉందట.

ఎన్ఏడీ బ్రిడ్జి కింద:
నాది వేరే మాట. ఎనిమిది నెలల పాపని ఎక్కించుకుని హైవే మీద ట్రెయిలర్ లారీల మధ్య వెళ్తున్నావు, ఒక్కడు కూడా సేఫ్టీ మాట ఎత్తలేదు. 2014లో కార్లని గుద్దించి పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు ఎయిర్‌బ్యాగులు లేని ఆల్టో 800, స్విఫ్ట్ రెండింటికీ సున్నా స్టార్లు ఇచ్చారు. 2016లో టయోటా ఎటియోస్ లివాకి నాలుగు ఇచ్చారు, ఎయిర్‌బ్యాగులు ఉన్నదానికి. టాటా టియాగోకి 2020లో నాలుగు వచ్చాయి. డ్రైవర్ ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయ్యింది 2019 జూలైలో, పక్క సీటుకి అన్ని కొత్త కార్లలో వచ్చేసరికి 2022. నీ బడ్జెట్లో వచ్చేవన్నీ దానికి ముందువి, కాబట్టి వేరియంట్ చూసి కొను. పై వేరియంట్లలో ఏబీఎస్ బ్రేకులు, రెండు ఎయిర్‌బ్యాగులు ఉండేవి. మైలేజీలో అర కిలోమీటరు పోయినా ఫర్వాలేదు.

రిటైర్డ్ ఫర్నేస్:
ఇది నేను మర్చిపోయాను, మంచి మాట చెప్పావు. లివా మా అల్లుడి దగ్గర ఉండేది, లోపల డాష్‌బోర్డు చూస్తే వంటింటి డబ్బాలా ఉంటుంది గానీ బండి మొండి ఘటం. టయోటా దాన్ని 2020లో ఆపేసింది.

కూర్మన్నపాలెం_కుర్రోడు:
అప్‌డేట్. శనివారం రెండూ చూశాను. స్పానర్ అన్న చెప్పినట్టే ముందు రోజు ఫోన్ చేసి స్టార్ట్ చెయ్యొద్దన్నాను.

సాగర్‌నగర్ వ్యాగనార్ పైనుంచి చూస్తే బంగారం. కింద టార్చి వేసి చూస్తే నల్లగా, నున్నగా, కొత్త తారు రోడ్డులా ఉంది. వాసన కూడా వచ్చింది! ఓనరు వర్షాకాలం కదా అని కొట్టించానన్నారు. జాకీ పాయింటు దగ్గర గుచ్చితే ఆ నలుపు వెనక రేకు పెచ్చు ఊడి చేతికొచ్చింది. ఆయన మొహం చూడలేకపోయాను, నా మొహం ఆయన చూడలేదు, ఇద్దరం టీ తాగి విడిపోయాం.

స్విఫ్ట్ కథ ఇంకా పెద్దది. నంబరు తీసుకెళ్లి సర్వీసు సెంటర్లో పాత రికార్డు అడిగించాను. 2021లోనే 1.46 లక్షలు తిరిగినట్టు ఉంది. ఇప్పుడు మీటరు మీద 1.1. బండి వెనక్కి నడిచిందన్నమాట. మావయ్యకి ఆ కాగితం ఫొటో పంపాను, ఇంతవరకు రిప్లై లేదు.

భీమిలి గాలి:
వెనక్కి నడిచిన కిలోమీటర్లకి డీజిల్ తిరిగి ట్యాంకులోకి వస్తుందా? వస్తే ఆ మైలేజీకి సాటి లేదు.

ఆటోనగర్ స్పానర్:
మీటరు తిప్పడం ఇప్పుడు పావుగంట పని. అందుకే పెడల్ రబ్బర్లు, స్టీరింగ్ మీద అరుగుదల, డ్రైవర్ సీటు పక్క మడత చూడమంటాను. 50 వేల బండికి క్లచ్ పెడల్ అద్దంలా అరిగిపోదు. కారు కంప్యూటర్లో ఎర్రర్లు చదివే చిన్న ఓబీడీ స్కానర్ వెయ్యి రూపాయల లోపే వస్తుంది, పెట్టి చూస్తే అంతకు ముందు రోజే ఎర్రర్లు చెరిపేసి తెచ్చిన బండి కూడా దొరికిపోతుంది. ఇంకొకటి, విజయవాడ వైపు నంబరు చూస్తే సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు నీళ్లలో మునిగిన కార్లు ఎన్నో. బెల్టు అడుగున మట్టి గీత ఉందంటే ఆ బండి ఈత కొట్టింది.

స్టీల్‌సిటీ చందు:
సీఎన్‌జీ పెట్టించుకోవచ్చు కదా? నెల ఖర్చు బాగా తగ్గుతుంది.

పేపర్ పులి:
కంపెనీ ఫిట్టింగ్ అయితే సరే. బయట పెట్టించినదైతే ఆర్సీలో ఎక్కించారో లేదో చూడాలి, ఎక్కించకపోతే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది. సిలిండర్‌కి మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ (ఒత్తిడి తట్టుకుంటుందో లేదో చూసే పరీక్ష) ఉంటుంది. డిక్కీ పోతుంది, చంటిపిల్ల సామాను ఎక్కడ పెడతారు?

స్టీల్‌సిటీ చందు:
అయితే పాత పెట్రోలు బండి మాత్రం ఎందుకు? ఇప్పుడు బంకులో పోసేదంతా ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు, పాత ఇంజన్లు చచ్చిపోతాయి అంటున్నారు.

ఎంవీపీ సెక్టార్ 7:
చచ్చిపోవు, అంత టెన్షన్ అక్కర్లేదు. లీటరు ఇథనాల్లో పెట్రోలు కంటే మూడో వంతు శక్తి తక్కువ, కాబట్టి ఇరవై శాతం కలిపితే మైలేజీ కొంచెం తగ్గుతుంది. నాకు కిలోమీటరు తగ్గిందనిపించింది. అసలు ఈ20 కోసం తయారైన బండ్లు 2023 ఏప్రిల్ నుంచి వస్తున్నవి. పాతవాటిలో చూసుకోవాల్సింది ఇంధనం వెళ్లే రబ్బరు గొట్టాలు, సీళ్లు. సర్వీసులో అవి చూడమని చెప్పండి, నెలల తరబడి ట్యాంకులో అదే పెట్రోలు ఉంచకండి. నాకు ఇంతకంటే పెద్ద దెబ్బ ఉప్పుగాలే కొట్టింది. ఏసీ కండెన్సర్ ఆరేళ్లలో రెండుసార్లు మార్చాను, రెక్కలు పిండిలా రాలాయి. స్పానర్ గారు దాన్ని మర్చిపోయారు.

ఆటోనగర్ స్పానర్:
ఒప్పుకుంటాను మేడమ్. గ్రిల్‌లోంచి టార్చి వేసి చూస్తే కనబడతాది, చూడండి అందరూ.

రిటైర్డ్ ఫర్నేస్:
బాబూ, ఒక సలహా. ఊళ్లో వెతకడం ఆపి లోపలికి వెళ్లు. అనకాపల్లి, చోడవరం, శృంగవరపుకోట వైపు సముద్రానికి దూరంగా షెడ్డులో పెట్టుకున్న బండ్లు దొరుకుతాయి. మాస్టార్లు, బ్యాంకు ఉద్యోగులు ఆదివారం తప్ప తియ్యరు. మోడల్ కోసం పట్టుబట్టకు, వ్యాగనార్, సెలెరియో, లివా, గ్రాండ్ ఐ10 ఏదైనా నీకు సరిపోతుంది. మోడల్‌ని కాదు, ఓనరుని చూసి కొను.

కూర్మన్నపాలెం_కుర్రోడు:
పదకొండు రోజుల తర్వాత వస్తున్నాను, కొనేశాను! ఫర్నేస్ సార్ మాట విని అనకాపల్లి వెళ్లాను. రిటైర్ అయిన మాస్టారి సెలెరియో, 2016 మోడల్, మాన్యువల్, ఆప్షనల్ వేరియంట్, రెండు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ ఉన్నాయి. ఒక్కరే ఓనరు, 52 వేలు, సర్వీసు బిల్లులన్నీ ఒక పాత క్యాలెండర్ కవర్లో తేదీల వారీగా పెట్టి ఇచ్చారు. 3.25 చెప్పారు, 3.08కి తెగింది. బేరం ఆడుతుంటే మాస్టారి భార్య పాపని ఎత్తుకుని బండి చుట్టూ తిప్పుతూ ఉన్నారు, ఇంక నాకు నోరు రాలేదు, లేకపోతే ఇంకో పదివేలు లాగేవాణ్ణి. కింద చూశాను, గుచ్చాను, ఏమీ రాలలేదు. కొండ ఎక్కించాను. ఆర్సీ బదిలీకి పెట్టాను, ఇన్సూరెన్స్ నా పేరుకి మారింది. బోనస్ తేడా కట్టించుకున్నారు, పులి గారు చెప్పినట్టే. ఆయిలు, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేకు ప్యాడ్లు అన్నీ మార్పించాను, 11 వేలు అయ్యింది.

ట్యాంకు నుంచి ట్యాంకు కొలిచాను. 342 కిలోమీటర్లు, 19.6 లీటర్లు. 17.4 వచ్చింది, ఏసీతో. రెండో తాళం మాత్రం లేదు, మాస్టారు ఇల్లంతా వెతుకుతున్నారు పాపం, రోజూ ఫోన్ చేసి సారీ చెప్తున్నారు.

ఎంవీపీ సెక్టార్ 7:
అభినందనలు! 17.4 అంటే నాకంటే మంచిది, కుళ్లుగా ఉంది.

భీమిలి గాలి:
మావయ్యగారు ఏమన్నారు?

కూర్మన్నపాలెం_కుర్రోడు:
ముందు సీట్లో కూర్చున్నారు, ఏసీ తన వైపు తిప్పుకున్నారు, ఎన్ఏడీ దాకా మాట్లాడలేదు. తర్వాత "డీజిలైతే ఈ బ్రిడ్జి ఇంకా గమ్మున ఎక్కేది" అన్నారు.

ఆటోనగర్ స్పానర్:
అంతా బాగుంది తమ్ముడూ. స్టెప్నీ టైరు ఏ ఏడాదిది?

కూర్మన్నపాలెం_కుర్రోడు:
చూడలేదన్నా. ఒక్క నిమిషం, కిందకి దిగి చూసొస్తా.

కూర్మన్నపాలెం_కుర్రోడు:
0916. బండితో వచ్చిందే, ఒక్కసారి కూడా వాడినట్టు లేదు, రబ్బరు ముళ్లు ఇంకా అలాగే ఉన్నాయి.

ఆటోనగర్ స్పానర్:
అయితే మాస్టారు చెప్పిన 52 వేలు నిజమే అయ్యుంటాయి. ఆ టైరు మాత్రం మార్చెయ్, వాడకపోయినా ఎండిపోయుంటాది. సోమవారం షాపుకి రా, టీ నాది.